తెలియదు వేరు, సున్నా వేరు

అర్ధసంవత్సర పరీక్షల మార్కులు ఎక్కించే రోజుల్లో ఒక రాత్రి మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. హైస్కూల్లో టీచరు. తెల్లారేసరికి తొమ్మిదో తరగతి మార్కుల పట్టిక హెడ్మాస్టారి బల్ల మీద ఉండాలట. గొంతులో కంగారు.

"బాబాయ్, షీటంతా పాడైపోయింది. ఎక్కడ చూసినా హ్యాష్ వాల్యూ అని వస్తోంది. క్లాసు సగటు కూడా అదే. సాయంత్రం నుంచి కూర్చుని కొట్టిందంతా పోయినట్టేనా?"

"కంగారుపడకమ్మా, ఏదీ పోదు. ముందు ఆ ఫైలు నాకు పంపు," అన్నాను.

తెరిచి చూశాను. నలభై రెండు మంది పిల్లలు, ఆరు సబ్జెక్టులు. ఎ కాలమ్‌లో పేరు, బి నుంచి జి దాకా మార్కులు, హెచ్‌లో మొత్తం. మార్కులన్నీ చక్కగా ఉన్నాయి. తేడా ఒక్క సెల్‌లోనే. 18వ వరసలో ఉన్న పిల్లవాడు హిందీ పరీక్ష రాయలేదు. అక్కడ "ఏబీ" అని ఉంది. ఆబ్సెంట్ అయిన పిల్లల పేరుకు ఎదురుగా బళ్లలో రాసే గుర్తే అది. కాగితం మీద చదివే మనిషి దాన్ని దాటేసి మిగతావి కూడుకుంటాడు. ఎక్సెల్ అలా చేయలేదు. ఆమె మొత్తానికి రాసిన ఫార్ములా ఇది: =బి18+సి18+డి18+ఇ18+ఎఫ్18+జి18. ప్లస్‌కు రెండు వైపులా అంకెలే ఉండాలి. 72కు "ఏబీ" కలిపితే ఎంత? దానికి జవాబు లేదు. లేదనే విషయాన్నే ఎక్సెల్ #వాల్యూ! అన్న గుర్తుతో చెప్పింది. నలభై రెండు మొత్తాల మీద ఆధారపడ్డ క్లాసు సగటు కూడా #వాల్యూ! అయింది. ఆ సగటును తీసుకునే స్కూలు పట్టికలోనూ అదే గుర్తు వచ్చింది.

ఆ రాత్రి ఆమెకు చెప్పిన సంగతే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. హ్యాష్‌తో మొదలయ్యే గుర్తు కనబడితే షీటు చెడిపోయిందని చాలామంది హడలిపోతారు. నిజానికి "ఈ లెక్కకు జవాబు నా దగ్గర లేదు" అని యంత్రం నిజాయితీగా ఒప్పుకోవడమే ఆ గుర్తు. ఆ మాటను చెరిపేసి, దాని స్థానంలో సున్నా పెట్టేస్తేనే నిజమైన నష్టం.

ఎగువ తూము, దిగువ చేను

1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్‌ను ఒక దృశ్యం ఆలోచనలో పడేసింది. నల్లబల్ల మీద పెద్ద లెక్క. అందులో ఒక్క అంకె మారితే, దాని మీద ఆధారపడ్డవన్నీ చెరిపి మళ్లీ రాయాలి. వాటంతటవే మారిపోయే బల్ల ఉంటే ఎంత బాగుంటుంది! మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి ఆయన తయారుచేసిన విజికాల్క్ 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ మీదకు వచ్చింది. 1983లో లోటస్ 1-2-3, 1985లో మెకింటాష్ మీద ఎక్సెల్, 1987లో విండోస్ మీద ఎక్సెల్ వచ్చాయి. రూపం ఎంత మారినా అన్నిటి ప్రాణం ఒకటే. ఫార్ములాలో ఉండేది అంకె కాదు, అంకె ఉండే చోటు, అంటే చిరునామా. ఆ చోట అంకె మారితే దాన్ని వాడుకునే ప్రతి సెల్ తిరిగి లెక్క వేసుకుంటుంది.

కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. ఎగువ తూము నుంచి వదిలిన నీరు చేను తర్వాత చేను తడుపుతూ దిగువకు పోతుంది. నీరు ఏ దారిన వస్తుందో చెత్తా ఆ దారినే వస్తుంది. షీటులో అంకెలు ప్రవహించే దారిలోనే ఎర్రర్ కూడా ప్రవహిస్తుంది. ఇది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. ఆరు సబ్జెక్టుల్లో ఒకటి తెలియనప్పుడు మొత్తం తెలియదు. ఒకరి మొత్తం తెలియనప్పుడు నలభై రెండు మంది సగటూ తెలియదు. ఆ తెలియనితనాన్ని చివరిదాకా మోసుకుపోవడం యంత్రం చేయగల మేలు.

అందుకే తెర నిండా ఎర్రర్లు కనిపిస్తే వంద తప్పులు జరిగాయని బెంబేలెత్తనక్కర్లేదు. చాలాసార్లు తప్పు ఒక్కచోటే ఉంటుంది. చేనుకు నీరందని రైతు పొలంలో నిలబడిపోడు, గట్టు వెంట ఎగువకు నడుస్తాడు. మనమూ అలాగే ఎర్రర్ ఉన్న సెల్ నుంచి దాని ఫార్ములాలోని చిరునామాలకు, అక్కడి నుంచి ఇంకా ఎగువకు వెళ్లాలి. ఫార్ములా ఏదీ లేకుండా చేత్తో టైపు చేసిన విలువ తగిలిన చోట మూలం దొరుకుతుంది.

సున్నాతో భాగిస్తే

ఈ గుర్తులన్నిటిలో జనానికి బాగా తెలిసింది #డివ్/0!. సున్నాతో భాగించమని అడిగారని దాని అర్థం. ఈ ప్రశ్న మన దేశంలో ఎప్పటి నుంచో నలిగింది. 628లో బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం రాసిన బ్రహ్మగుప్తుడు సున్నాను సున్నాతో భాగిస్తే సున్నాయే అన్నాడు. 9వ శతాబ్దంలో గణితసారసంగ్రహం రాసిన మహావీరాచార్యుడు, సున్నాతో భాగించినా సంఖ్య మారదన్నాడు. పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఈ మహావీరాచార్యుడి గ్రంథాన్నే. 12వ శతాబ్దంలో రెండో భాస్కరాచార్యుడు అలాంటి రాశికి ఖహరం అని పేరు పెట్టి, అది అనంతమన్నాడు. ముగ్గురు మహా గణితవేత్తలు మూడు జవాబులు చెప్పారంటేనే ప్రశ్న ఎంత చిక్కుదో తెలుస్తుంది.

నేటి అంకగణితం ఇక్కడ జవాబు చెప్పకుండా ఆగిపోతుంది. పన్నెండును నాలుగుతో భాగిస్తే మూడు. ఎందుకంటే మూడు నాలుగులు పన్నెండు. మరి పన్నెండును సున్నాతో భాగిస్తే? దేన్ని సున్నాతో గుణిస్తే పన్నెండు వస్తుంది? అలాంటి సంఖ్య లేదు. సున్నాను సున్నాతో భాగించినప్పుడు చిక్కు తిరగబడుతుంది. ఏ సంఖ్య తీసుకున్నా సరిపోతుంది కాబట్టి ఏదో ఒకటి ఎంచడానికి ఆధారం ఉండదు. అందుకే ఎక్సెల్ ఊహించకుండా గుర్తు పెట్టి వదిలేస్తుంది.

నిత్యం వాడే షీట్లలో ఇది రెండు దారుల్లో వస్తుంది. మొదటిది ఇంకా నింపని కాలమ్. సైన్స్ మార్కులు ఇంకా ఎక్కించకుండానే ఆ కాలమ్‌కు సగటు అడిగితే #డివ్/0! వస్తుంది. సగటంటే మొత్తాన్ని ఎంతమందో ఆ అంకెతో భాగించడం. మార్కులు ఉన్నవాళ్లు సున్నా మంది. మార్కులు ఎక్కించగానే ఆ గుర్తు దానంతటదే పోతుంది. కంగారుపడాల్సింది లేదు.

రెండోది ఫార్ములాను కిందికి లాగడంలో వస్తుంది. మొత్తం మార్కులు 600 అని కె1 సెల్‌లో ఒక్కసారి రాసుకుని, శాతం కోసం మొదటి పిల్లవాడి ఎదుట =హెచ్2/కె1 అని రాశామనుకోండి. సరైన జవాబే వస్తుంది. దాన్ని పట్టుకుని కిందికి లాగితే తర్వాతి వరసలో అది =హెచ్3/కె2 అవుతుంది. హెచ్2 హెచ్3 కావడం మనం కోరుకున్నదే. దాంతోపాటు కె1 కూడా కె2 అయింది. కె2 ఖాళీ. గణితంలో ఖాళీ సెల్‌ను ఎక్సెల్ సున్నాగా తీసుకుంటుంది కాబట్టి వరుసగా నలభై ఒక్క #డివ్/0!లు. మందు ఒక్కటే. కదలకూడని చిరునామాకు డాలర్ గుర్తుతో మేకు కొట్టడం: =హెచ్2/$కె$1. ఫార్ములాలో కె1 మీద కర్సర్ ఉంచి ఎఫ్4 నొక్కితే డాలర్లు అవే వచ్చి కూర్చుంటాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే కొత్తగా నేర్చుకునేవాళ్ల సగం కష్టాలు తీరతాయి.

ప్రతి గుర్తుకూ ఒక అర్థం

#రెఫ్! అంటే ఫార్ములా చెప్పిన చిరునామాలో ఇప్పుడు ఇల్లే లేదు. హిందీ మార్కులు వేరే షీటులో ఉన్నాయి కదా అని మా అమ్మాయి సి కాలమ్‌ను మొత్తంగా తొలగిస్తే, ప్లస్సులతో రాసిన నలభై రెండు మొత్తాలూ #రెఫ్! అవుతాయి. వెంటనే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే అన్నీ తిరిగి వస్తాయి. ఫైలు సేవ్ చేసి మూసేశాక మాత్రం ఆ చిరునామా తిరిగి రాదు. ఫార్ములా మళ్లీ రాసుకోవాల్సిందే.

#నేమ్? అంటే తనకు తెలియని పేరు తగిలిందని. ఫంక్షన్ పేరులో ఒక అక్షరం తప్పినా ఇదే వస్తుంది. పాస్, ఫెయిల్ లాంటి మాటలను ఫార్ములాలో కోట్స్ మధ్య పెట్టడం మరిచినా ఇదే. కోట్స్ లేని మాటను ఎక్సెల్ మాటగా తీసుకోదు, ఏదో ఒకదాని పేరు అనుకుని వెతుకుతుంది.

#నమ్! అంటే అడిగింది అంకెల లెక్కే, జవాబు మాత్రం చెప్పగలిగేది కాదు. ఋణసంఖ్యకు వర్గమూలం అడిగితే ఇది వస్తుంది. 170 ఫ్యాక్టోరియల్ ఎంతో ఎక్సెల్ చెబుతుంది, 171 అడిగితే #నమ్! అంటుంది. అది పట్టుకోగల సంఖ్యల హద్దు అక్కడ దాటిపోతుంది.

#నల్! అరుదుగా కనిపిస్తుంది. రెండు సెల్ వరసల మధ్య కామా పెట్టాల్సిన చోట ఖాళీ వదిలితే వస్తుంది. ఎక్సెల్ భాషలో ఆ ఖాళీకి "రెండూ కలిసే చోటు" అని అర్థం. కలిసే చోటు లేకపోతే ఈ గుర్తు.

ఒక సెల్ నిండా వరుసగా హ్యాష్‌లే ఉంటే అది సాధారణంగా తప్పే కాదు. అంకెకు, తేదీకి కాలమ్ వెడల్పు చాలలేదంతే. కాలమ్ అంచును లాగితే సరిపోతుంది.

ఇక #ఎన్/ఎ. వెతికింది దొరకలేదని అర్థం. ఒక షీటులో ఉన్న పేరును పట్టుకుని, మరో షీటులో ఆ పేరు ఎదుట ఉన్న వివరం తెచ్చే వీలుకప్ లాంటి ఫంక్షన్లతో వస్తుంది. మనల్ని ఎక్కువ వేధించేది ఇదే. ఎందుకంటే పేరు రెండు షీట్లలోనూ కళ్లెదుట కనబడుతూనే ఉంటుంది, అయినా లేదంటుంది.

"లక్ష్మి" అన్న పేరే తీసుకుందాం. మన కంటికి రెండక్షరాలు. సెల్‌లో ఎన్ని గుర్తులు ఉన్నాయో చెప్పే లెన్ ఫంక్షన్‌ను అడిగితే 7 అంటుంది. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యూనికోడ్‌లో తెలుగు ఇలాగే విడివిడి గుర్తులుగా నిలవుంటుంది. రెండో షీటులో అదే పేరుకు లెన్ 8 అని వస్తే, పేరు చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి ఉందని తేలిపోతుంది. టైపు చేసేవాళ్ల వేలు అలవాటుగా స్పేస్‌బార్‌ను తాకి ఉంటుంది. ట్రిమ్ అనే ఫంక్షన్ ఆ అదనపు ఖాళీలను తీసేస్తుంది. ఇంటర్నెట్ పేజీల నుంచి తెచ్చిన పేర్లకు మాత్రం ట్రిమ్ చాలకపోవచ్చు. వాటిలో 160 నంబరు గల మరో రకం ఖాళీ ఉంటుంది. దాన్ని సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌తో తీసేయాలి. ఒక షీటు పాత అను లిపిలో, మరొకటి యూనికోడ్‌లో ఉంటే, తెర మీద రెండూ ఒకేలా కనిపించినా లోపల పూర్తిగా వేరువేరు గుర్తులు. అవి ఎన్నటికీ కలవవు.

వీలుకప్ చివర సున్నా గానీ ఫాల్స్ గానీ రాయడం మరవకండి. అది లేకపోతే "సరిగ్గా ఇదే కావాలి" అనడానికి బదులు "దగ్గరగా ఉన్నది చాలు" అన్నట్టు అవుతుంది. పేర్లు క్రమంలో లేని జాబితాలో అలా వెతికితే మరో పిల్లవాడి వివరం తెచ్చి ఈ పిల్లవాడి ఎదుట పెట్టేయొచ్చు. అప్పుడు ఏ హ్యాష్ గుర్తూ రాదు. మనకు అనుమానమూ రాదు.

హ్యాష్ లేని తప్పులు

అసలు భయపడాల్సింది ఇలాంటి తప్పులకే. షీటు నిండా చక్కని అంకెలుంటాయి, జవాబు మాత్రం తప్పు.

2010లో అమెరికా ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ఒక వ్యాసం ప్రచురించారు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అని అందులో తేల్చారు. ప్రభుత్వాలు ఖర్చులు తగ్గించుకోవాలని వాదించేవాళ్లకు ఆ అంకె పెద్ద ఆధారమైంది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న థామస్ హెర్న్‌డన్ క్లాసు పనిగా ఆ లెక్కను మళ్లీ వేసి చూశాడు. ఎంత వేసినా ఆ జవాబు రాలేదు. రచయితలను అడిగి వాళ్ల షీటు తెప్పించుకున్నాడు. సగటు తీసే ఫార్ములా 30వ వరస నుంచి 49 దాకా వెళ్లాల్సింది, 44 దగ్గరే ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. హెర్న్‌డన్ తన ఆచార్యులు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్‌తో కలిసి 2013లో వేసిన లెక్కలో అదే సగటు 2.2 శాతానికి చేరింది. ఆ తేడాలో ఎక్కువ భాగం సమాచారాన్ని ఎంచుకున్న తీరు వల్ల, దేశాలకు ఇచ్చిన తూకం వల్ల వచ్చింది. ఫార్ములా పొరపాటు వాటా చిన్నదే. రచయితలు ఆ పొరపాటును ఒప్పుకున్నారు, మిగతా విమర్శతో విభేదించారు. ఏమైనా, ఐదు దేశాలు జారిపోయిన మూడేళ్లూ ఆ సెల్‌లో ఏ గుర్తూ రాలేదు. అడిగిన పదిహేను వరసల సగటును ఎక్సెల్ తప్పు లేకుండానే చెప్పింది.

2020 అక్టోబరులో ఇంగ్లండ్‌లో మరోటి జరిగింది. కొవిడ్ పరీక్షల ఫలితాలను ప్రజారోగ్య సంస్థ పాత రకం ఎక్సెల్ ఫైల్లోకి తీసుకుంది. కొత్త ఫైల్లో 10,48,576 వరసలు పడతాయి. పాతదానిలో 65,536 మాత్రమే. ఒక్కో ఫలితం పలు వరసలు ఆక్రమించడంతో ఫైలు త్వరగా నిండిపోయింది. హద్దు దాటినవి లెక్కలోకి రాలేదు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య 15,841 మంది రోగులు రోజువారీ లెక్కలోంచి తప్పిపోయారు. తమకు జబ్బు ఉందన్న సంగతి వాళ్లకు చేరింది గానీ, వాళ్లతో మెలిగినవాళ్లను వెతికి హెచ్చరించే పని రోజుల తరబడి ఆలస్యమైంది. అంటువ్యాధి వేళ ఒక్కో రోజు విలువ ఎంతో మనందరికీ అనుభవమే.

మూడోది జన్యుశాస్త్రవేత్తలకు ఎదురైంది. ఇంగ్లిష్‌లో మార్చ్1, సెప్ట్2 అని రాసే జన్యువులు ఉన్నాయి. వాటిని సెల్‌లో టైపు చేయగానే ఎక్సెల్ మార్చి 1వ తేదీగా, సెప్టెంబరు 2వ తేదీగా మార్చేసింది. ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యు పరిశోధన వ్యాసాలను మార్క్ జీమన్, ఆయన సహచరులు పరిశీలించి, దాదాపు ఐదింట ఒక వంతు వ్యాసాల్లో ఇలాంటి పేర్ల తప్పులు ఉన్నాయని 2016లో ప్రకటించారు. చివరకు 2020లో జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది. మార్చ్1 ఇప్పుడు మార్చ్‌ఎఫ్1, సెప్ట్2 ఇప్పుడు సెప్టిన్2. ఎక్సెల్‌లో ఈ మార్పిడిని ఆపుకునే వీలు 2023లో వచ్చింది.

తేదీల విషయంలో మన షీట్లకూ ఈ బెడద ఉంది. ఎక్సెల్ లోపల తేదీ అంటే ఒక అంకె. 1900 జనవరి 1 ఒకటో నంబరు. తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2 నంబరు 41,792. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో, అంటే నెల ముందు రోజు తర్వాత అన్న అమరికలో ఉంటే, 05/06/2011 అని మనం కొట్టిన జూన్ ఐదు మే ఆరుగా నిలవవుతుంది. 13/06/2011 అని కొడితే పదమూడో నెల లేదు కాబట్టి అది తేదీయే కాకుండా మాటగా మిగులుతుంది. పిల్లల పుట్టినతేదీల కాలమ్‌లో కొన్ని కుడి అంచుకు, కొన్ని ఎడమ అంచుకు చేరి కనిపిస్తే ఇదే జరిగిందని గ్రహించాలి. మనం వేరే అమరిక చేయకపోతే అంకెలు కుడికి, మాటలు ఎడమకు చేరడం ఎక్సెల్ నియమం.

అంకెలా కనిపిస్తూ మాటగా నిలవైనవి మరీ మోసం చేస్తాయి. సమ్ ఫంక్షన్ సెల్ వరసను కూడేటప్పుడు మాటలను దాటేస్తుంది. "65" అన్నది మాటగా నిలవై ఉంటే మొత్తంలో ఆ 65 తగ్గుతుంది, చప్పుడు ఉండదు. సెల్ పైమూలలో చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపిస్తే పట్టించుకోండి. అంకె మాటగా నిలవైందని చెప్పడానికీ ఎక్సెల్ ఆ గుర్తే పెడుతుంది.

ఎర్రర్‌ను కప్పేసే దుప్పటి

2007 నుంచి ఎక్సెల్‌లో ఇఫ్ ఎర్రర్ అనే ఫంక్షన్ ఉంది. ఫార్ములాను దానిలో చుట్టేస్తే, ఎర్రర్ వచ్చిన చోట మనం చెప్పిన విలువ చూపుతుంది. చాలామంది అక్కడ సున్నా రాస్తారు. షీటు శుభ్రంగా కనిపిస్తుంది. మా అమ్మాయి స్టాఫ్ రూములో ఎవరో ఆమెకు అప్పటికే చెప్పిన చిట్కా అదే. "అలా చేసేస్తే అయిపోతుంది కదా బాబాయ్?" అని అడిగింది కూడా.

చేస్తే ఏమవుతుందో ఇద్దరం లెక్క వేసి చూశాం. ఆ పిల్లవాడి మార్కులు 72, ఏబీ, 65, 80, 91, 68. మొత్తం ఫార్ములాను ఇఫ్ ఎర్రర్‌లో చుట్టి సున్నా రాస్తే అతని మొత్తం సున్నా అవుతుంది. రాసిన ఐదు పరీక్షల్లో తెచ్చుకున్న 376 మార్కులు గాల్లో కలిసిపోతాయి. మిగతా 41 మంది సగటు 400 అనుకుంటే, ఈ ఒక్క సున్నా క్లాసు సగటును 390.5కు దించేస్తుంది. ఎర్రర్ పోయింది, దాంతోపాటు నిజమూ పోయింది.

పోనీ, హిందీ ఒక్కదానికే సున్నా వేద్దామా? అప్పుడు అతని సగటు 62.7. రాసిన ఐదింటికే తీస్తే 75.2. రెండూ లెక్కగా సరైనవే, జవాబు చెప్పే ప్రశ్నలే వేరు. ఏ ప్రశ్న అడగాలో బడి నియమం చెప్పాలి, టీచరు నిర్ణయించాలి. ఎక్సెల్‌కు ఆ అధికారం లేదు. అందుకే అది ఆగి మనల్ని పిలిచింది. పరీక్ష రాసి సున్నా తెచ్చుకోవడం వేరు, జ్వరంతో బడికే రాకపోవడం వేరు.

ఇఫ్ ఎర్రర్‌ను వాడకూడదని నేను అనను. ఏ ఎర్రర్ వస్తుందో, ఎందుకు వస్తుందో తెలిశాక వాడండి. సున్నాకు బదులు "వివరం రాలేదు" లాంటి మాట చూపించండి. వెతికింది దొరకనప్పుడు మాత్రమే పనిచేసే ఇఫ్ ఎన్ఎ అనే మరో ఫంక్షన్ 2013 నుంచి ఉంది. అది #ఎన్/ఎను మాత్రమే కప్పి, మిగతా తప్పులను కనబడనిస్తుంది. ఇంకో మంచి సంగతి. ఎన్ఎ అనే ఫంక్షన్‌తో #ఎన్/ఎను మనమే కావాలని ఒక సెల్‌లో రాసుకోవచ్చు. "ఈ విలువ ఇంకా తెలియదు" అని షీటుకు మన చేత్తో చెప్పడమన్నమాట. ఎక్సెల్‌ను రూపొందించినవాళ్లు తెలియదనే మాటకు ఒక చోటు ఉంచారంటే దాని విలువ వాళ్లకు తెలుసు.

కూడే ముందు లెక్కపెట్టండి

ఎగువకు నడవడానికి పనిముట్లు ఎక్సెల్‌లోనే ఉన్నాయి. ఎర్రర్ ఉన్న సెల్ మీద నిలబడి ఎఫ్2 నొక్కితే ఆ ఫార్ములా వాడుకునే సెల్‌లు రంగురంగుల గీతల మధ్య కనిపిస్తాయి. పరిధి ఒక వరస ముందే ఆగిపోయిందా అన్నది అప్పుడే తెలిసిపోతుంది. ఫార్ములాస్ ట్యాబ్‌లో ట్రేస్ ఎర్రర్ నొక్కితే మూలం వైపు బాణాలు వస్తాయి. అక్కడే ఉన్న ఎవాల్యుయేట్ ఫార్ములా, పెద్ద ఫార్ములాను మెట్టు మెట్టుగా లెక్క వేసి ఏ మెట్టు దగ్గర విరిగిందో చూపిస్తుంది. హ్యాష్ గుర్తు ఉన్న తప్పులకు ఇవి చాలు.

గుర్తు లేని తప్పులకు నేను నమ్మే పద్ధతి ఒకటుంది. కూడే ముందు లెక్కపెట్టడం. కౌంట్ ఫంక్షన్ అంకెలున్న సెల్‌లను లెక్కిస్తుంది. కౌంట్ఎ ఖాళీ కానివన్నీ లెక్కిస్తుంది. మా అమ్మాయి షీటులో హిందీ కాలమ్ కింద రెండూ రాసి చూశాం. కౌంట్ఎ 42 అంది, కౌంట్ 41 అంది. రెంటికీ తేడా ఉందంటే ఎక్కడో ఒకచోట అంకె కానిది కూర్చుందన్నమాట. రెండు నిమిషాల పని. షీటులోకి ఎన్ని వరసలు రావాలో, ఎన్ని వచ్చాయో పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఇంగ్లండ్‌లో రోగులు తప్పిపోయేవారు కాదు. ఫార్ములా ఎన్ని దేశాల వరసలను చుట్టిందో లెక్కపెట్టి ఉంటే ఐదు దేశాలు జారిపోయేవి కావు.

దానికి తోడుగా, ఒక్క వరసనైనా కాగితం మీద కూడి షీటు జవాబుతో పోల్చండి. మొత్తానికి ప్లస్సుల బదులు సమ్ వాడేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. మధ్యలో ఒక కాలమ్ తొలగిపోతే ప్లస్సుల ఫార్ములా #రెఫ్! అని అరుస్తుంది. సమ్ మాత్రం మిగిలిన ఐదింటిని నిశ్శబ్దంగా కూడేస్తుంది. పక్కన శాతం ఇంకా 600తోనే భాగిస్తూ ఉంటుంది.

ఆ రాత్రి పదకొండింటికి షీటు సిద్ధమైంది. హిందీ సెల్‌లో "ఏబీ"ని అలాగే ఉంచాం. మొత్తానికి సమ్ పెట్టాం. పక్కనే "రాసిన పరీక్షలు" అని కొత్త కాలమ్ చేర్చి అందులో కౌంట్ పెట్టాం. నలభై ఒక్క మంది ఎదుట 6, ఆ ఒక్క పిల్లవాడి ఎదుట 5. ఆ 5 చూసిన ఎవరైనా సరే, కారణం అడక్కుండా ముందుకు పోలేరు.

మార్కులైనా, జీతాలైనా, పొదుపు సంఘం ఖాతాలైనా, షీటులోని ప్రతి అంకె వెనక ఒక మనిషి ఉంటాడు. ఇకమీదట మీ తెర మీద హ్యాష్ గుర్తు కనిపిస్తే దాన్ని తుడిచేయడానికి తొందరపడకండి. ఎగువకు నడిచి, అది ఏ మనిషి గురించి "తెలియదు" అంటోందో కనుక్కోండి. తెలియని చోట తెలియదనే రాయండి.